ఎర్ర రేణువుల పనితనం

మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే రెండు పక్కలా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, వాటి సందున డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులు. ఆ సెంటర్లలో చేసే రక్త పరీక్షల్లో ఏఈసీ అని ఒకటుంటుంది. పూర్తి పేరు అబ్సల్యూట్ ఈసినోఫిల్ కౌంట్. మైక్రోలీటరు రక్తంలో ఆ కణాలు 500 లోపు ఉంటే ఫరవాలేదు. దాటాయంటే ఇక ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట, "మావాడికి ఇస్నోఫీలియా అటండీ!" అప్పటినుంచి పొద్దున లేవగానే వచ్చే తుమ్ములు, ఆరు నెలలుగా వదలని ముక్కు దిబ్బడ, రాత్రి దగ్గు, ఆఖరికి పుస్తకం పట్టుకుంటే వచ్చే నిద్ర కూడా దాని ఖాతాలోకే పోతాయి. తెలుగువాళ్ల ఇళ్లలో ఇంతగా పేరుపడిన తెల్లరక్తకణం మరొకటి లేదు. పేరుపడింది దోషిగా. నేను దాన్ని పనివాడిగా పరిచయం చేయదలచుకున్నాను.

దాని పనితనం రిపోర్టులోని అంకెలో కనిపించదు, స్లైడ్ మీద చూడాలి. స్లైడ్‌కు ముక్క కావాలి కదా, ఆ ముక్క ముక్కులోంచే వస్తుంది. "ముక్కులో కండ పెరిగింది" అని మనవాళ్లు అనేదాంట్లో రెండు సంగతులు కలగలిసి ఉంటాయి. ఒకటి, అందరి ముక్కులోనూ ఉండే టర్బినేట్లు ఉబ్బడం. రెండోది పాలిప్. ఎండోస్కోప్‌లోంచి చూస్తే పాలిప్ తొక్క తీసిన ద్రాక్షపండులా ఉంటుంది. పాలిపోయిన రంగు, నిగనిగ, లోపలంతా నీరు, తాకినా నొప్పి తెలియదు. ఇది నా సొంత పోలిక కాదు, ఈఎన్‌టీ డాక్టర్లు తరతరాలుగా వాడుతున్నదే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఊరి బయట బాటసింగారానికి తరలించి, ఆ స్థలంలో టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ద్రాక్ష గంపలు దిగిన చోటికి ఇక ఈ ద్రాక్షలు వస్తాయన్నమాట.

సర్జన్ తీసిన పాలిప్ ఫార్మలిన్ డబ్బాలో పడ్డాక, కణం సంగతి తర్వాత, ముందు ఒక మనిషి పనితనం చూడాలి. హిస్టోపాథాలజీ టెక్నీషియన్ అంటే ఆసుపత్రికి వచ్చే రోగి ఎవరికీ కనపడని మనిషి. నీటితో నిండిన ఆ మెత్తటి ముక్కను ఉన్నదున్నట్టు కోస్తే చితికిపోతుంది. అందుకని అంచెలంచెలుగా గాఢత పెంచుకుంటూ ఆల్కహాల్లో ఉంచి నీటిని తీసేస్తారు. జైలీన్‌లో వేసి ఆ ఆల్కహాల్‌ను తీసేస్తారు. సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగిన పారఫిన్ మైనాన్ని జైలీన్ ఉన్న చోటుకల్లా ఎక్కిస్తారు. చల్లారాక బ్లాక్ తయారు. దాన్ని ఐసు మీద పెట్టి గట్టిపరిచి, మైక్రోటోమ్‌కు బిగించి చక్రం తిప్పుతుంటే 3 నుంచి 5 మైక్రాన్ల మందం పొరలు ఒకదాని కొస ఒకటి అంటుకుని రిబ్బన్‌గా జారుతాయి. ఈసినోఫిల్ అడ్డకొలతే 12 నుంచి 15 మైక్రాన్లు. అంటే ఆ బ్లేడు ఒక్కొక్క కణాన్ని మూడు నాలుగు పొరలుగా కోస్తోంది! బ్లేడుకు చిన్న గంటు పడినా పొర మీద నిలువునా గీత వస్తుంది. మైనం వెచ్చబడితే పొర నలుగుతుంది. పక్కన ఫ్యాను తిరుగుతుంటే రిబ్బన్ నిలవదు. సన్నటి బ్రష్షుతో కొస పట్టుకుని గోరువెచ్చని నీళ్ల మీద వాలిస్తే మైనం సాగి ముడతలు వాటంతటవే విచ్చుకుంటాయి. అప్పుడు గాజు స్లైడును ఏటవాలుగా నీళ్లలోకి దించి, పొర కిందుగా పోనిచ్చి, ఒక్క కదలికలో పైకి తీస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు ఆ పని చేస్తుంటే చూడటం ఒక ముచ్చట.

తర్వాత రంగులు. హిమటాక్సిలిన్ అనేది మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుంచి తీసిన పదార్థం. అది కణాల కేంద్రకాలకు నీలం రంగు పట్టిస్తుంది. ఈసిన్ కృత్రిమమైన అద్దకపు రంగు, ఆమ్ల స్వభావం గలది. క్షారగుణం ఉన్న ప్రోటీన్ ఎక్కడుంటే అక్కడికి పోయి పట్టుకుంటుంది. మామూలు కండకు లేత గులాబీ రంగు వస్తే, ఈసినోఫిల్ రేణువులకు మాత్రం ఇటుక ఎరుపు వస్తుంది. వాటిలో క్షార ప్రోటీన్ అంత కిక్కిరిసి ఉంటుంది మరి. 1879లో బెర్లిన్‌లో పాల్ ఎర్లిక్ ఈ రంగు మీద ఆధారపడే ఆ కణాన్ని విడదీసి చూపించాడు. అప్పటికి అతనికి పాతికేళ్లు. అంతకు ముందు ఏడాది తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసంలో మాస్ట్ కణాలకు పేరు పెట్టిందీ అతనే. ముక్కు అలర్జీలో ముఖ్యమైన రెండు కణాలను ఒక కుర్రవాడు వరసగా రెండేళ్లలో, అద్దకపు రంగుల సాయంతో, పట్టుకున్నాడు. ఇప్పటి వైద్య పరికరాల ఖరీదు వింటే ఈ సంగతి గుర్తు చేసుకోవాలనిపిస్తుంది.

మైక్రోస్కోపును 400 రెట్లకు పెట్టి పాలిప్ స్లైడును చూద్దాం. పైన అంచున ముక్కు లోపలి పొర, అక్కడక్కడ తెగి ఉంటుంది. దాని కింద అడుగు పొర మామూలుకన్నా మందమెక్కి ఉంటుంది. ఆ కింద వదులుగా, వెలిసిపోయినట్టు, నీటిచోట్లతో నిండిన మైదానం. అందులో గుంపులు గుంపులుగా ఎర్ర రేణువుల కణాలు. ఒక్కదాని మీద చూపు నిలిపితే, కేంద్రకం రెండు తమ్మెలుగా విడిపోయి, మధ్యలో సన్నటి పోగుతో కలిసి ఉంటుంది. మిగతా జాగా అంతా రేణువులే. ఇలా ఒక్క చూపుకు పది అంతకన్నా ఎక్కువ కనిపిస్తే అది ఈసినోఫిల్ రకం జబ్బు అని 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. జపాన్‌వాళ్లు 70 దాకా రావాలంటారు. లెక్క దగ్గర దేశదేశాల పట్టింపులు వేరు, లెక్కపెట్టాలన్న దాంట్లో మాత్రం తేడా లేదు.

ఒక్కో రేణువు లోపల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మాత్రమే కనబడే స్ఫటికం లాంటి నడిగడ్డ ఉంటుంది. అది మేజర్ బేసిక్ ప్రోటీన్. ఘోరమైన విషం. పురుగుల చర్మాన్ని తూట్లు పొడుస్తుంది, మన కణాలనూ అంతే. మరి అంత విషాన్ని కడుపులో పెట్టుకుని ఆ కణం తాను చావకుండా ఎలా తిరుగుతోంది? దాని జాగ్రత్త చూడండి. ప్రోటీన్ తయారయ్యేటప్పుడే దానికి ఒక ఆమ్ల తోక తగిలించి పుట్టిస్తుంది. క్షారగుణం ఆ తోకతో చెల్లుకు చెల్లు అయిపోతుంది, విషం పని చేయదు. రేణువులో క్షేమంగా సర్దుకున్నాకే తోక తెగుతుంది. తెగిన ప్రోటీన్ విడిగా ఉండదు, గట్టిగా ముడుచుకుని స్ఫటికంగా పేరుకుంటుంది. స్ఫటికంగా ఉన్నంతసేపు అది విషం కాదని 2015లో ప్రయోగాల్లో తేలింది. బయటికి వదిలినప్పుడు విడివడి విషమవుతుంది. పని ముగిశాక మళ్లీ పెద్ద ముద్దలుగా పేరుకుని విషం కోల్పోతుంది. తయారీలో ఒక కట్టడి, నిల్వలో ఒక కట్టడి, వాడకం అయ్యాక ఒక కట్టడి. పటాకుల గోదాములు నడిపేవాళ్లు నేర్చుకోదగ్గ క్రమశిక్షణ.

వాడటంలోనూ పొదుపే. రేణువును మొత్తంగా బయటికి విసిరేయడం దానికి చివరి మార్గం. మామూలుగా రేణువులోంచి కావలసిన సరుకును మాత్రం చిన్న చిన్న తిత్తుల్లో పోసి, కణం అంచుకు చేర్చి వదులుతుంది. ఆ తిత్తుల్లో కొన్ని మెక్సికోవాళ్ల సాంబ్రేరో టోపీ ఆకారంలో ఉండటం చూసి శాస్త్రవేత్తలు వాటికి ఆ పేరే పెట్టారు. ఏ సంకేతం వస్తే ఏ సరుకు పోవాలో ఎంపిక కూడా జరుగుతుంది. రేణువులో విషాలే కాదు, ఇతర కణాలకు కబురు పంపే సైటోకైన్లూ ముందే తయారై ఉంటాయి. చాలా కణాలు అవసరం వచ్చాక వండుకుంటాయి, ఇది వండి వడ్డించడానికి సిద్ధంగా పెట్టుకుంటుంది.

ఇంత సరంజామా ఎందుకు? మింగలేనంత పెద్ద శత్రువు కోసం. బ్యాక్టీరియా అయితే న్యూట్రోఫిల్ అనే మరో తెల్లకణం మింగి అరిగించుకుంటుంది. పురుగు పిల్లను ఏ కణమూ మింగలేదు. ఈసినోఫిల్ వెళ్లి దాని ఒంటికి అతుక్కుని, రేణువుల సరుకు అక్కడే కుమ్మరిస్తుంది. ఈ పాత పనికి సాక్ష్యం మన తెలుగు నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియంలో క్షయ అనుకుని చేర్చిన కొందరు రోగుల్లో, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నా క్షయ క్రిములు మాత్రం దొరకలేదు. రక్తంలో ఈసినోఫిల్స్ విపరీతంగా ఉన్నాయి. ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే ఇద్దరు డాక్టర్లు 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఆ వివరాలు అచ్చేశారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకోవడమే మూలమని ఆ తర్వాత దశాబ్దాల్లో తేలింది. మందు కూడా మనవాడి చేతి మీదుగానే వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు సారథిగా ఉన్నప్పుడు ఆయన బృందం 1947లో డైఇథైల్‌కార్బమజీన్‌ను, అంటే హెట్రాజాన్‌ను, లోకానికి ఇచ్చింది. ఫైలేరియాకు తెచ్చిన ఆ మందే ట్రాపికల్ ఈసినోఫీలియాకూ పనిచేసింది. మందు పడ్డాక చాలామందిలో కొన్ని వారాల్లోనే వేలల్లో ఉన్న కౌంట్ దిగివచ్చేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పురుగు పోయింది, కణం వెనక్కి తగ్గింది. అంటే ఆ కణానికి ఆగడం వచ్చు. మరి ముక్కులో ఎందుకు ఆగదు?

దిల్‌సుఖ్‌నగర్ ముక్కులో పురుగు లేదు. రోజుకు సుమారు పది వేల లీటర్ల గాలి ఉంది. ఆ గాలిలో సిగ్నళ్ల దగ్గర నిలిచిన బస్సుల డీజిల్ పొగ, ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూ ఉండే రోడ్ల దుమ్ము, వనస్థలిపురం వైపు ఖాళీ ప్లాట్లలో విరగబూసే వయ్యారిభామ పుప్పొడి. హాస్టల్ గదిలోకి వస్తే ఏళ్ల తరబడి ఎండ చూడని పరుపులు, వాటిలో కంటికి కనపడని దుమ్ముపురుగులు, వంటగదిలో బొద్దింకలు. దుమ్ముపురుగు మనల్ని కుట్టదు. దాని రెట్టలో ప్రోటీన్లను కోసే ఎంజైములుంటాయి. అవి ముక్కు లోపలి పొరలో కణానికీ కణానికీ మధ్య ఉన్న అతుకులను కోసేస్తాయి.

ఆ పొర కూడా గొప్ప పనివాడే. దాని మీది వెంట్రుకల్లాంటి సీలియాలు సెకనుకు పది సార్లకు పైగా కొట్టుకుంటూ చీమిడి పొరను నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు తోస్తుంటాయి. చెంప లోపలి సైనస్ సంగతి మరీ విచిత్రం. దాని గుమ్మం అడుగున లేదు, పైన ఉంది. సీలియాలు శ్లేష్మాన్ని నేల నుంచి గోడల మీదుగా పైకి ఎక్కించి ఆ గుమ్మానికి చేరుస్తాయి. అడుగున వేరే కన్నం పెట్టినా ఖాతరు చేయకుండా పాత గుమ్మానికే తీసుకెళ్తాయి. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో మెసెర్‌క్లింగర్ అనే వైద్యుడు ఈ దారులను ఓపిగ్గా గమనించి చెప్పాకే, కన్నం పెట్టడం మాని ఉన్న గుమ్మాన్నే తెరిచే ఎండోస్కోపిక్ సర్జరీకి దారి పడింది. కొద్ది మిల్లీమీటర్ల ఆ గుమ్మం వాపుతో మూసుకుంటే లోపల నిల్వ, నిల్వలో బ్యాక్టీరియా. ఇలా 12 వారాలు దాటితే అది జలుబు కాదు, దీర్ఘకాలిక సైనసైటిస్.

పొర అతుకులు తెగినప్పుడు ఆ పొర కణాలు టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే మూడు హెచ్చరికలు వదులుతాయి. పురుగు చర్మం చీల్చుకుని వచ్చినా ఇవే, పరుపులోని దుమ్ము వచ్చినా ఇవే. ఎవరు చీల్చారో చెప్పే వివరం అందులో ఉండదు, చీలిందన్న మాటే ఉంటుంది. ఆ కబురు అందుకునే కణాలు ఐఎల్‌సీ2లు. వీటి ఉనికి 2010లోగానీ తెలియలేదు. మరుసటి ఏడాదే ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు వాటిని ముక్కు పాలిప్‌లలో దండిగా చూశారు. ఇవి, టీ కణాలు కలిసి మూడు ఉత్తరువులు జారీ చేస్తాయి. ఐఎల్-5 ఎముక మూలుగకు వెళ్లి ఈసినోఫిల్స్‌ను తయారు చేయిస్తుంది. రక్తంలో ఒక రోజైనా ఉండని ఆ కణాన్ని కండలో రోజులూ వారాలూ బతికిస్తుంది. ఐఎల్-13 చీమిడి గ్రంథులను పెంచుతుంది. ఐఎల్-4 బీ కణాల చేత ఐజీఈ యాంటీబాడీలు చేయిస్తుంది. ఆ ఐజీఈని ఒంటికి తగిలించుకుని మాస్ట్ కణాలు కాచుకుని ఉంటాయి. దుమ్ము తగలగానే హిస్టమిన్, వెంటనే తుమ్ము.

పిలుపు అందుకుని వచ్చిన ఈసినోఫిల్ తన పని తాను తప్పు లేకుండా చేస్తుంది. అతుక్కోవడానికి పురుగు కనపడదు. సరుకు మాత్రం కుమ్మరించాలి. కుమ్మరించిన విషం పొర అతుకులను ఇంకా తెంపుతుంది. తెగిన పొర మళ్లీ అవే మూడు హెచ్చరికలు వదులుతుంది. చక్రం పూర్తయింది. హెట్రాజాన్ లాంటి ముగింపు ఇక్కడ లేదు, ఎందుకంటే చావడానికి శత్రువు లేడు. నా తీర్పు ఇదే: ముక్కులో కనిపించేది చెడ్డ పనితనం కాదు, చోటు తప్పిన మంచి పనితనం.

ఇందులో మాక్రోఫేజ్‌లు అనే మింగుడు కణాల పాత్రను తక్కువమంది గమనిస్తారు, నాకు మాత్రం అదే ఎక్కువ ఆశ్చర్యం. పాలిప్‌లో అంత నీరు ఎలా నిలుస్తుంది? వాపుకు రక్తనాళాల నుంచి ప్లాస్మా ఊరడం మామూలే, మర్నాటికి తగ్గిపోవాలి కదా. పాలిప్‌లోని మాక్రోఫేజ్‌లు ఫ్యాక్టర్ 13-ఏను ధారాళంగా చేస్తున్నాయని షికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీవాళ్లు 2013లో చూపించారు. రక్తం గడ్డకట్టినప్పుడు ఫైబ్రిన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరిచే పదార్థమది. గాయం మాన్పడానికి అంతకన్నా మంచి పని ఉండదు. ఇక్కడ గాయం లేదు. ఊరిన ప్లాస్మా ఫైబ్రిన్ వలలో చిక్కి అక్కడే ఉండిపోతుంది. ఆ వలను కరిగించే పదార్థం పాలిప్‌లో తక్కువగా ఉంటుంది. కండ అనుకుంటున్నది నిజానికి కండ కాదు, వలేసి పట్టిన నీరు.

ఈసినోఫిల్ చావు కూడా చెప్పుకోదగ్గదే. పాలిప్ రోగుల చీమిడి కొన్నిసార్లు జిగురులా, తీగలు సాగుతూ, లాగితే ఊడిరాకుండా ఉంటుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెడితే రెండు కొసలూ మొనదేలిన, నిలువునా ఆరు పలకలున్న స్ఫటికాలు మెరుస్తాయి. 1853లో షార్కో, 1872లో లేడన్ వర్ణించారు కాబట్టి వాటికి ఆ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. ఈసినోఫిల్ కొన్నిసార్లు తన డీఎన్‌ఏనంతా వలలా బయటికి విసిరి చస్తుంది. అప్పుడు దాని లోపలి గాలెక్టిన్-10 అనే ప్రోటీన్ ఇలా స్ఫటికమవుతుంది. నూట యాభై ఏళ్లకు పైగా వాటిని చచ్చిన కణం తాలూకు చెత్తగానే చూశారు. 2019లో బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు ఆ స్ఫటికాలు తామే వాపును ఎగదోస్తాయని, వాటిని కరిగించే యాంటీబాడీలు చేయవచ్చని చూపించారు. చచ్చాక కూడా పని మానని పనివాడు!

ఈ స్ఫటికాలు దండిగా దొరికేది ఫంగల్ సైనసైటిస్‌లో, అదీ అలర్జీ రకంలో. మన దేశంలో ఎక్కువగా ఆస్పర్జిల్లస్ జాతి బూజుతో వస్తుంది. గోధుమ రంగు, ఆకుపచ్చ కలిసిన జిడ్డు చీమిడి సైనస్‌లను నింపేస్తుంది. అందులో బూజు పోగులు వెతికితే గానీ దొరకవు, ఈసినోఫిల్ శవాలు మాత్రం గుట్టలుగా ఉంటాయి. బూజు కండలోకి పోదు. నష్టమంతా దాని మీదికి వెళ్లిన సైన్యంతోనే. 2021 మేలో, కరోనా రెండో ఉధృతిలో, కోఠీ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్‌కు రాష్ట్రంలో నోడల్ కేంద్రం చేశారు. మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటితే వచ్చే ఆ ఆసుపత్రికి వార్డులు నిండేంతమంది వచ్చారు. అదీ ముక్కులో బూజే. కానీ అక్కడ కథ తిరగబడింది. అదుపు తప్పిన షుగరు, అతిగా వాడిన స్టెరాయిడ్లు న్యూట్రోఫిల్స్‌నూ మాక్రోఫేజ్‌లనూ మందగింపజేస్తే, బ్లాక్ ఫంగస్ తెచ్చే మ్యూకార్ బూజు రక్తనాళాల్లోకి, కంటిలోకి పాకింది. ఒకచోట కణాలు మితిమీరి పనిచేస్తే జబ్బు, ఇంకోచోట చేయకపోతే ప్రాణానికే ముప్పు. నిరోధక శక్తి పెంచుతామని పొడులు, కషాయాలు అమ్మేవాళ్లు ఈ రెండు స్లైడ్లను పక్కపక్కన పెట్టి చూస్తే బాగుండును. దేన్ని పెంచుతారు, ఎక్కడ పెంచుతారు?

ఇంతకీ ఈసినోఫిల్‌ను తీసేస్తే పాలిప్ పోతుందా? దీనికి సూటిగా జవాబిచ్చిన ప్రయోగం ఒకటుంది. డెక్స్‌ప్రమిపెక్సోల్ అనే మాత్ర రక్తంలోనూ పాలిప్‌లోనూ ఈసినోఫిల్స్‌ను దాదాపు ఊడ్చేసింది. 2019లో ఫలితాలు వచ్చాయి. పాలిప్ సైజు తగ్గలేదు! అదే ఏడాది అమెరికాలో పాలిప్‌లకు అనుమతి పొందిన డ్యూపిలుమాబ్ ఇంజెక్షన్ ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలను అడ్డుకుంటుంది. దాంతో పాలిప్‌లు కుంచించుకుపోయాయి, పోయిన వాసన చాలామందికి తిరిగివచ్చింది. వాడే తొలి రోజుల్లో రక్తంలో ఈసినోఫిల్స్ కొందరిలో తగ్గకపోగా పెరుగుతాయి కూడా. ఏఈసీ అంకెనే జబ్బు అనుకునేవాళ్లకు ఇంతకన్నా గట్టి సమాధానం అక్కర్లేదు. (ఆ ఇంజెక్షన్ ఖరీదు మన మధ్యతరగతి ఇంటికి ఇంకా అందనిదే.)

సర్జరీ చేసినా కండ మళ్లీ ఎందుకు పెరుగుతుందన్నది రోగులు అడిగే మొదటి ప్రశ్న. 2018లో నేచర్ పత్రికలో ఒక జవాబు వచ్చింది. పాలిప్ పొరలోని మూలకణాలను తీసి విడిగా పెంచినా, ఐఎల్-4, ఐఎల్-13 తగిలిన గుర్తు వాటిలో చెరగలేదు. 2025లో అదే పత్రికలో చైనా పరిశోధకులు మరో సంగతి చెప్పారు. మొదటిసారి తీసిన పాలిప్‌లోనూ, తిరిగి పెరిగిన దానిలోనూ ఒకే వంశానికి చెందిన సీడీ8 టీ కణాలు ఉన్నాయి. అవి గ్రాంజైమ్-కే అనే ఎంజైముతో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లను కోసి వాపును రాజేస్తున్నాయి. సర్జన్ కత్తి పాలిప్‌ను తీస్తుంది గానీ జ్ఞాపకాన్ని తీయలేదు. సర్జరీ తర్వాత స్టెరాయిడ్ స్ప్రే మానవద్దని డాక్టర్లు పదే పదే చెప్పేది అందుకే.

ఆ స్ప్రే గురించి నాలుగు మాటలు. స్టెరాయిడ్ అనగానే భయపడతారు, మూడు రోజులు కొట్టి తగ్గలేదని మూలన పడేస్తారు. ఈసినోఫిల్‌కు చావు కబురు పంపే మందు అది, వారాల తరబడి రోజూ వాడితేనే పనిచేస్తుంది. కుడి చేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమ చేత్తో కుడి ముక్కులోకి, మధ్య దూలం వైపు కాకుండా బయటి గోడ వైపు కొట్టాలి. అంతకుముందు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటే మందు పొరకు తగులుతుంది. ఆ నీళ్లు కాచి చల్లార్చినవే కావాలి, కుళాయి నీళ్లు పనికిరావు. కొట్టగానే ముక్కు తెరుచుకునే జైలోమెటాజొలిన్ చుక్కలు వేరు. అవి వారం దాటి వాడితే దిబ్బడ రెట్టింపవుతుంది.

మూడు నెలలకు పైగా ముక్కు దిబ్బడగా ఉన్నా, వాసన తెలియకపోయినా ఏఈసీ పరీక్షతో సరిపెట్టుకోకండి, ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. దిబ్బడ ఒకవైపే ఉండి రక్తం పడుతుంటే అంత కూడా ఆగొద్దు. పాలిప్‌లతో పాటు ఉబ్బసం ఉండి, ఆస్ప్రిన్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పండి. సర్జరీ అయితే బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. హై పవర్ ఫీల్డ్‌కు, అంటే 400 రెట్ల ఒక్క చూపుకు, ఈసినోఫిల్స్ ఎన్ని అన్న లెక్క అందులో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే రాయించుకోండి. స్లైడ్ ల్యాబ్‌లోనే ఉంటుంది, దాన్ని తయారు చేసిన చెయ్యి తన పని ఎప్పుడో చేసేసింది.